కారుకు తగిన కారవాన్: పలక మీది అంకెలు, తూకంలో తేలే అంకెలు

కొత్తబాటసారి:

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఉంటున్నాము. వాడిన కారవాన్, అంటే కారు వెనుక కట్టి లాగే పడకల బండి, ఒకటి కొనాలని చూస్తున్నాము. ఉన్న కారును మార్చే ఆలోచన లేదు కనుక ఈ కారుకు సరిపోయే కారవాన్‌నే వెతుక్కోవాలి. కారు ఖాళీ బరువు, అంటే కర్బ్ వెయిట్, 1550 కిలోలు. డ్రైవరు వైపు తలుపు స్తంభం మీది పలకలో వరుసగా నాలుగు అంకెలు ఉన్నాయి: 2080, 3680, 1050, 1060. నచ్చిన కారవాన్ పలక మీద గరిష్ఠ బరువు 1390 కిలోలు అని ఉంది. సామాను లేకుండా అది 1240 కిలోలు.

అమ్మకందారు మాట ప్రకారం ఈ కారు 1600 కిలోల వరకు లాగుతుంది కాబట్టి ఆలోచించాల్సింది ఏమీ లేదు. కారవాన్లతో ఏళ్లుగా తిరుగుతున్న మిత్రుడొకరు మాత్రం, కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటితే చట్టవిరుద్ధమని గట్టిగా చెబుతున్నారు. నా లెక్కలో ఈ జోడీ దాదాపు 90 శాతం దగ్గర తేలుతోంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? నేను డ్రైవింగ్ పరీక్ష నెగ్గింది 2009లో. నా లైసెన్సుకు ఈ జోడీ నడిపే అర్హత ఉందో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

తూనికరాయి:

ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. మీరు అడిగినవి నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ జోడీని రోడ్డు మీదికి తేవడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది మొదటిది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు అది నిలకడగా ఉంటుందా అన్నది రెండవది. మొదటిదానికి పలకలే జవాబు చెబుతాయి, రెండవదానికి ఏ పలకా చెప్పదు.

మీ కారు పలకలోని మొదటి అంకె, 2080, మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి కారు ఉండగల గరిష్ఠ బరువు. రెండవది, 3680, కారు, కారవాన్ కలిసి ఉండగల గరిష్ఠ బరువు. దీనిని ట్రెయిన్ వెయిట్ అంటారు. మూడవది ముందు ఇరుసు పరిమితి, నాలుగవది వెనుక ఇరుసు పరిమితి. రెండవదానిలోంచి మొదటిది తీసేస్తే వచ్చే 1600 కిలోలే అమ్మకందారు చెప్పిన అంకె. అదే అంకె వి5సి నమోదు పత్రంలో ఓ.1 అన్న గడిలో కూడా ఉండాలి, ఒకసారి సరిచూసుకోండి. కొన్ని కార్ల పలకల్లో రెండవ అంకె ఉండదు, లేదా అక్కడ ఒక గీత మాత్రమే ఉంటుంది. అలాంటి కారును తయారీదారు లాగడానికి ఉద్దేశించలేదని అర్థం చేసుకోవాలి. దానికి ఎవరైనా టోబార్ (కారు వెనుక బిగించే లాగుడు కడ్డీ) బిగించి ఇస్తామన్నా ఒప్పుకోకూడదు.

ఆ 1600 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని విలువ ఎంతో కూడా తెలుస్తుంది. ఐరోపా నియమావళి ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న జోడీ 12 శాతం వాలున్న ఎక్కుడు మీద ఆగి, ఐదు నిమిషాల్లో ఐదుసార్లు మళ్లీ కదలగలగాలి. ఇది ఇంజనుకు, క్లచ్‌కు, గేర్‌బాక్సుకు పెట్టిన పరీక్ష. గంటకు 60 మైళ్ల వేగంలో కారవాన్ తోక ఊపితే కారు దానిని అదుపు చేయగలదా అన్నది ఈ పరీక్షలో లేనే లేదు. కాబట్టి 1600 మీరు దాటకూడని గీత. అక్కడిదాకా వెళ్లమని ఇచ్చిన సలహా కాదు. దానిని దాటితే ప్రమాదకర స్థితిలో వాహనం నడిపినట్టే లెక్క, బీమా సంస్థ చేతులెత్తేసే అవకాశమూ ఉంది.

లైసెన్సు సంగతికి వస్తే, 1997 జనవరి 1 తరువాత పరీక్ష నెగ్గినవారికి ఒకప్పుడు బరువైన ట్రెయిలర్ లాగడానికి అదనపు పరీక్ష అవసరమయ్యేది. గ్రేట్ బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి ఆ అవసరం పోయింది. మామూలు కారు లైసెన్సుతోనే 3500 కిలోల గరిష్ఠ బరువు వరకు ట్రెయిలర్‌ను లాగవచ్చు. ఆ విషయంలో మీకు అడ్డేమీ లేదు.

మైలురాయి:

85 శాతం విషయంలో ఇంకొంచెం స్పష్టత అవసరం. అది చట్టం కాదు. కారవాన్ పరిశ్రమ, కారవాన్ క్లబ్బులు కలిసి చాలాకాలంగా ఇస్తున్న సలహా. కారవాన్ గరిష్ఠ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం లోపు ఉంటే కొత్తవారికి మంచిదని, అనుభవం ఉన్నవారు జాగ్రత్తగా 100 శాతం వరకు వెళ్లవచ్చని, కారు కన్నా బరువైన కారవాన్‌ను ఎంత అనుభవజ్ఞులైనా కట్టుకోవద్దని దాని సారాంశం. పోలీసులు ఆపి తూకం వేసినప్పుడు చూసేది పలకల మీది పరిమితులనే. ఈ శాతం లెక్క అక్కడ ప్రస్తావనకు రాదు.

అయినా దానిని తేలికగా తీసేయలేము. మీ కారుకు 85 శాతం అంటే 1317 కిలోలు. మీరు చూసిన కారవాన్ అంతకన్నా 73 కిలోలు ఎక్కువ. మీరు ఇంతకు ముందు ఎన్నడూ కారవాన్ లాగినట్టు లేరు కనుక, ఆ గీతకు లోపలే ఉండే కారవాన్‌ను వెతకమని నా సలహా. మార్కెట్లో 1300 కిలోల లోపు నాలుగు పడకల కారవాన్లు దొరకనివేమీ కావు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. కారు ఖాళీ బరువు అనే మాటను అందరూ ఒకే అర్థంలో వాడరు. ఐరోపా పద్ధతిలో దానిలో 75 కిలోల డ్రైవరు, 90 శాతం నిండిన ఇంధన ట్యాంకు కలిసి ఉంటాయి. కొన్ని కరపత్రాలలో డ్రైవరు ఉండడు. ఒకే కారుకు రెండు చోట్ల రెండు అంకెలు కనిపించడానికి తరచూ ఇదే కారణం. శాతం కట్టేముందు మీ 1550 ఏ లెక్కలోదో తెలుసుకోండి.

ఇరుసు:

మైలురాయి గారి సలహాను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. శాతం లెక్క సులువైనది కాబట్టి అందరూ దానినే పట్టుకుంటారు. నిలకడను నిర్ణయించే మిగతా విషయాలు వెనక్కి పోతాయి. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బరువులను అటూ ఇటూ జరపడానికి వీలున్న నిండు పరిమాణపు ట్రెయిలర్‌ను కారుకు కట్టి, రకరకాల అమరికలతో పరీక్షించారు. ట్రెయిలర్ మొత్తం బరువును మార్చడం ఒక్కటే అధిక వేగంలో నిలకడను పెద్దగా మార్చలేదని, బరువు ముందుకూ వెనక్కూ ఎలా పంపిణీ అయింది, ఇరుసు ఎక్కడ ఉంది, ట్రెయిలర్ పక్కకు తిరగడానికి ఎంత జడత్వం చూపుతోంది అన్నవే ఎక్కువ ప్రభావం చూపాయని వారు తేల్చారు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. 20 కిలోల పెట్టెను కారవాన్ ఇరుసు మీద పెడితే అది మొత్తం బరువుకు మాత్రమే కలుస్తుంది. అదే పెట్టెను చివరనున్న బీరువాలో పెడితే, ఇరుసు నుంచి దూరం ఎంత ఉందో ఆ దూరపు వర్గం చొప్పున ఊగుడు జడత్వం పెరుగుతుంది. ఇరుసుకు ఒక మీటరు దూరంలో ఉన్న పెట్టెకన్నా రెండు మీటర్ల దూరంలో ఉన్న పెట్టె నాలుగింతల ప్రభావం చూపుతుంది. ముందు కొసన ఒక బరువు, వెనుక కొసన ఒక బరువు పెట్టి హిచ్ (కారుకు తగిలించే కారవాన్ ముందు కొస) దగ్గర తూకం సమానం చేసినవారు సమస్య తీరిందనుకుంటారు, కాని అలాంటి కారవాన్ ఊగడం ఒకసారి మొదలైతే తొందరగా ఆగదు.

ఊగుడును ఆపే గుణం వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ప్రతి జోడీకి ఒక వేగం ఉంటుంది. దానికి కిందైతే గాలి తాకిడికి మొదలైన ఊగుడు దానంతట అదే సద్దుమణుగుతుంది, దానికి పైనైతే ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. మీ జోడీకి ఆ వేగం 80 మైళ్ల దగ్గర ఉందా 58 దగ్గర ఉందా అన్నది సామాను సర్దిన తీరును బట్టి మారిపోతుంది. 80 శాతం జోడీని చెడ్డగా సర్దినవారికన్నా 90 శాతం జోడీని చక్కగా సర్దినవారే క్షేమంగా ఉంటారని నేను నిస్సంకోచంగా చెబుతాను. పైగా ఆ శాతం నిండు కారవాన్‌ను ఖాళీ కారుతో పోలుస్తుంది. మనుషులు, సామాను ఎక్కాక నిజమైన నిష్పత్తి అంతకన్నా తక్కువే ఉంటుంది.

మైలురాయి:

ఇరుసు గారితో నాకు పెద్ద పేచీ లేదు, కాని చక్కగా సర్దడం ఎలాగో కొత్తవారికి మొదటి ప్రయాణం నాటికి తెలియదు. ఆ తెలియనితనానికి ఉంచుకున్న వెసులుబాటే ఆ 15 శాతం అని నేను భావిస్తాను.

కొత్తబాటసారి:

అందరికీ ధన్యవాదాలు. నోస్ వెయిట్ గురించి చాలాచోట్ల చదివాను కాని లెక్క కుదరడం లేదు. కారు పుస్తకంలో టోబాల్ (టోబార్ చివర హిచ్ కూర్చునే గుండు) మీద గరిష్ఠంగా 80 కిలోలు అని ఉంది, కారవాన్ హిచ్ మీద 100 అని ఉంది. దేనిని పాటించాలి? ఎంత తక్కువగా ఉంటే కారుకు అంత మేలు కాదా?

తూనికరాయి:

టోబార్, టోబాల్, హిచ్, కారు తయారీదారు చెప్పిన పరిమితి, వీటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. అంటే 80 కిలోలు.

తక్కువైతే మేలు అన్నది మాత్రం సరికాదు. నోస్ వెయిట్ అంటే కారవాన్ ముందు కొస టోబాల్ మీద ఆనించే బరువు. అది బాగా తగ్గిందంటే కారవాన్ బరువు ఇరుసు వెనక్కి జరిగిందని అర్థం, అలాంటి కారవాన్ ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. నింపిన కారవాన్ అసలు బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది సాధారణ సూచన. 1390 కిలోలకు 5 శాతం అంటే సుమారు 70, 7 శాతం అంటే 97. మీ కారు 80 దగ్గర ఆపేస్తుంది కనుక మీకు మిగిలింది 70కీ 80కీ మధ్యనున్న సన్నని సందు. దానిలో పై కొసకు దగ్గరగా ఉండండి. ఇలాంటి సందర్భంలో మరింత బరువైన కారవాన్ కొంటే ఆ సందు పూర్తిగా మూసుకుపోతుంది. లాగుడు పరిమితి 1600 అని చూసి అంత బరువున్న కారవాన్ తెచ్చుకున్నవారికి ఎదురయ్యేది ఇదే: 1600లో 5 శాతమే 80, ఇక వెసులుబాటు ఎక్కడిది?

నోస్ వెయిట్ కారు మోసే సామానులో భాగమన్నది కూడా మరవకూడదు. అది వెనుక ఇరుసుకు వెనకాల వేలాడే బరువు కాబట్టి వెనుక ఇరుసు మీద 80 కన్నా ఎక్కువే పడుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి టోబాల్ వరకు 1.1 మీటర్లు అనుకోండి. వెనుక ఇరుసు మీద సుమారు 113 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద సుమారు 33 కిలోలు తగ్గుతాయి. డిక్కీ కూడా నింపి కారు వెనుక భాగం కుంగిపోయేలా చేసుకుంటే ముందు చక్రాల పట్టు సడలి స్టీరింగ్ తేలికైపోతుంది.

కొలవడానికి నోస్ వెయిట్ గేజ్ దొరుకుతుంది. సమతలంగా ఉన్నచోట, కారవాన్ నిండి ఉన్నప్పుడు, దానికి కారును జతచేసినప్పుడు హిచ్ ఉండే ఎత్తులోనే కొలవాలి. ఎత్తు మారితే అంకె మారుతుంది.

సామానుసంచి:

కారవాన్ లోపలి సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. 1390లోంచి 1240 తీసేస్తే 150 కిలోలు మిగులుతాయి. వినడానికి చాలా ఎక్కువనిపిస్తుంది. కాని ఆ 1240 కర్మాగారం నుంచి బయటకు వచ్చిననాటి అంకె. వాడిన కారవాన్ కొనేవారు మునుపటి యజమాని ఏమేమి తగిలించారో ముందుగా చూడాలి. చేతితో నెట్టకుండా కారవాన్‌ను తిప్పే మోటార్ మూవర్ ఉంటే 30 నుంచి 40 కిలోలు పోయినట్టే. లెడ్ యాసిడ్ బ్యాటరీ 20 నుంచి 25 కిలోలు. చాలామంది తయారీదారులు దానిని ఖాళీ బరువులో కలపరు. ఆరు కిలోల ప్రొపేన్ సిలిండరులో గ్యాసు ఆరు కిలోలే అయినా ఉక్కు డబ్బాతో కలిపి దాదాపు 15 కిలోలు తూగుతుంది. పైకప్పు మీద సౌరఫలకం, ఏసీ వంటివి తరువాత బిగించి ఉంటే వాటినీ కలుపుకోవాలి. ఇవన్నీ తీసేశాక 150లో సగం మిగిలితే అదృష్టమే. ఆ సగంలోనే దుప్పట్లు, బట్టలు, గిన్నెలు, కుర్చీలు, కరెంటు తీగ, నీళ్ల డబ్బాలు అన్నీ పట్టాలి.

నీటి లెక్క అన్నిటికన్నా సులువైనది, అందరూ మరిచేది కూడా అదే: లీటరుకు కిలో. ట్యాంకులో 40 లీటర్లు వదిలేసి బయలుదేరితే 40 కిలోలు ఊరికే లాక్కెళ్లినట్టే. పైగా సగం నిండిన ట్యాంకులో నీరు అటూ ఇటూ కొట్టుకుంటుంది. బస చేసేచోట నీరు దొరుకుతుంది కనుక ఖాళీ చేసి బయలుదేరడం మంచిది.

సర్దేటప్పుడు బరువైనవి నేల మీద, ఇరుసుకు దగ్గరగా. ఓ మాదిరివి నేల మీదే కొంచెం అటూ ఇటూగా. తేలికైనవి మాత్రమే పై అలమరల్లో. గుడారపు కడ్డీల మూటను వెనుక కొసలో నిలబెట్టే అలవాటు చాలామందిలో చూశాను. ఇరుసు గారు చెప్పిన వర్గం లెక్క చదివాక ఎవరూ ఆ పని చేయరని ఆశిస్తాను.

వెన్నెలదారి:

ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. విద్యుత్ కార్లు బరువుగా ఉంటాయి కదా, శాతం లెక్కలో అవి అన్నిటికన్నా మేలు కావాలి. అయినా వాటితో కారవాన్ లాగేవారు తక్కువగా ఎందుకు కనిపిస్తారు?

తూనికరాయి:

ఖాళీ బరువు ఎక్కువ కనుక నిష్పత్తి బాగుంటుందన్నది నిజమే, కాని లాగుడు పరిమితి వేరే అంకె. కొన్ని విద్యుత్ కార్లకు లాగే అనుమతే లేదు. ఉన్నవాటిలో కూడా ఒకే మోడల్‌లో తేడాలుంటాయి: కియా ఈవీ6 తొలి రూపంలో పెద్ద బ్యాటరీ రకానికి బ్రేకులున్న ట్రెయిలర్ పరిమితి 1600 కిలోలు ఉండేది, చిన్న బ్యాటరీ రకానికి 750 మాత్రమే. టెస్లా మోడల్ వైకి 1600, బీఎండబ్ల్యూ ఐఎక్స్‌కు 2500. మోడల్ పేరు చూసి కొనకుండా ఆ కారు పలకనే చదవమని అందుకే అంటున్నాను. ఇక దూరం విషయం తెలిసిందే. కారవాన్ నిలువెత్తు ముఖాన్ని గాలిలోంచి తోసుకుపోవాలి కనుక ఒక చార్జింగుతో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా కారవాన్‌ను విప్పకుండా చార్జింగ్ పెట్టుకోవడానికి వీలున్న తావులు తక్కువ.

రైన్‌తీరం:

జర్మనీ నుంచి రాస్తున్నాను. బ్రిటన్‌లో సలహాగా ఉన్న నిష్పత్తి ఇక్కడ ఒక సందర్భంలో నిబంధనగా కనిపిస్తుంది. కారవాన్‌తో మామూలు పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. ఆటోబాన్ (ఇక్కడి మోటర్‌వే) మీద 100 వెళ్లాలంటే జోడీ కొన్ని షరతులకు లోబడి ఉండాలి. కారవాన్‌కు షాక్ అబ్సార్బర్లు ఉంటే దాని గరిష్ఠ బరువు కారు ఖాళీ బరువుకు 0.8 రెట్లు మించకూడదు. వాటికి తోడు ఊగుడును అణిచే హిచ్ వంటి పరికరం కూడా ఉంటే 1.0 వరకు వెళ్లవచ్చు. కారుకు ఏబీఎస్ ఉండాలి, కారవాన్ టైర్ల వయసు ఆరేళ్లు దాటకూడదు.

ఈ నిబంధన నాకు నచ్చడానికి కారణం, అది ఒక్క శాతాన్నే పట్టుకోకుండా దానిని సామగ్రితోనూ వేగంతోనూ ముడిపెట్టడం. మైలురాయి, ఇరుసు గార్ల వాదాలకు మధ్యేమార్గం ఇందులో ఉందనుకుంటాను: నిష్పత్తి ఎక్కువగా ఉందా, హిచ్ మెరుగైనది పెట్టుకోండి, అది లేదా, వేగం తగ్గించండి.

ఐరోపా సమాఖ్య దేశాల్లో జారీ అయిన బి లైసెన్సుకు, అంటే మామూలు కారు లైసెన్సుకు, బ్రిటన్ సడలింపు వర్తించదు. ట్రెయిలర్ 750 కిలోలు దాటితే కారు, ట్రెయిలర్ గరిష్ఠ బరువుల మొత్తం 3500 లోపే ఉండాలి. 4250 వరకు బి96 శిక్షణ, ఆపైన బిఈ పరీక్ష. కొత్తబాటసారి గారి జోడీ, 2080కు 1390 కలిపితే 3470 అవుతుంది కాబట్టి, ఇక్కడి బి లైసెన్సులోనూ పట్టేస్తుంది.

చక్రధారి:

హిచ్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. రాపిడి పలకలతో పనిచేసే స్టెబిలైజర్ హిచ్ ఉంటే టోబాల్ మీద రంగు, గ్రీజు రెండూ ఉండకూడదు. ఉంటే పలకలు జారిపోతాయి, కిర్రుమంటాయి, పని మాత్రం చేయవు. కారవాన్ ఇరుసుకు బిగించే ఎలక్ట్రానిక్ నియంత్రణ, ఉదాహరణకు ఆల్కో సంస్థ ఏటీసీ, ఊగుడును పసిగట్టి కారవాన్ బ్రేకులను తానే తాకిస్తుంది. కారులో ఉండే ట్రెయిలర్ స్టెబిలిటీ వ్యవస్థ వేరు. వెనుక ట్రెయిలర్ ఉందని కారుకు తెలిస్తేనే అది మేల్కొంటుంది. కారుకోసమే తయారైన వైరింగ్ కిట్‌తో 13 పిన్నుల సాకెట్ పెట్టించుకోండి, చవకగా దీపాల తీగలోంచి కలిపేసే పద్ధతిలో ఆ వ్యవస్థ నిద్రపోతూనే ఉంటుంది. అయితే ఇవేవీ చెడ్డ సర్దుడుకు విరుగుడు కావు. కారవాన్ ఊగడం మొదలైతే స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. వేగం పెంచితే ఊగుడు ఆగుతుందన్న పాత నమ్మకాన్ని ఎవరైనా చెబితే వినవద్దు.

చట్టం అడిగే మిగతావి త్వరగా చెబుతాను. కారవాన్ కారు కన్నా వెడల్పుగా ఉంటే పొడిగింపు అద్దాలు తప్పనిసరి. డ్రైవరుకు 20 మీటర్ల వెనుక, కారవాన్ పక్క నుంచి 4 మీటర్ల వెడల్పు మేర రోడ్డు కనిపించాలి. లేకపోతే 1000 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు పెనాల్టీ పాయింట్లు పడవచ్చు. కారవాన్ వెనుక కారు నంబరు పలక వెలుగుతూ ఉండాలి. మోటర్‌వేల మీద, మధ్యలో విభజన ఉన్న రోడ్ల (డ్యూయల్ కారేజ్‌వే) మీద గంటకు 60 మైళ్లు, మామూలు రోడ్ల మీద 50. మూడు లేదా అంతకన్నా ఎక్కువ లేన్లున్న మోటర్‌వేలో కుడివైపు చివరి లేన్ మీకు నిషిద్ధం.

టైర్ల లోతు చూసి తృప్తిపడకండి. కారవాన్ టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. టైరు పక్కన నాలుగంకెల సంకేతంలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఐదేళ్లు దాటితే మార్చే ఆలోచన చేయాలి, ఏడేళ్ల టైరుతో రోడ్డెక్కకూడదు.

కొత్తబాటసారి:

మీ అందరి సలహాలూ చదివాక ఇంట్లో చర్చించుకుని అదే కారవాన్‌ను తీసుకున్నాము. మోటార్ మూవర్ లేనిది కావడమే ముఖ్య కారణం. స్టెబిలైజర్ హిచ్, ఏటీసీ రెండూ ఉన్నాయి. మైలురాయి గారి హెచ్చరికను మరవకుండా, అలవాటయ్యేదాకా 50 మైళ్లు దాటకూడదని నిశ్చయించుకున్నాము. పూర్తిగా నింపి, అందరం కూర్చుని, వేబ్రిడ్జి మీద తూకం వేయించాము. జతచేసి ఉండగా వచ్చిన అంకెలు ఇవి: కారు ముందు ఇరుసు 900, వెనుక ఇరుసు 1080, కారవాన్ ఇరుసు 1300. గేజ్‌తో నోస్ వెయిట్ 80.

కారు మొత్తం 1980, అంటే 2080 లోపే. మొత్తం జోడీ 3280, అంటే 3680కి చాలా దూరం. వెనుక ఇరుసు మాత్రం 1060 దాటింది. డిక్కీలో 200 కిలోల దాకా సామాను ఉంది, అందులో గుడారమూ ఉంది. దానిని కారవాన్‌లోకి మారిస్తే సరిపోతుందా?

తూనికరాయి:

సరిపోదు, కష్టం ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మారుతుంది, అంతే. కారవాన్ అసలు బరువు ఇరుసు మీది 1300 ఒక్కటే కాదు. టోబాల్ మీద ఆనుతున్న 80 కూడా దానిదే. మొత్తం 1380. మీ పలక 1390 దగ్గర ఆగిపోతుంది. గుడారం పాతిక కిలోలున్నా పరిమితి దాటుతారు. నోస్ వెయిట్ కూడా ఇప్పటికే అంచున ఉంది.

కారు లోపలే సర్దుబాటు చూడండి. డిక్కీలోని సామాను వెనుక ఇరుసుకు వెనకాల ఉంటుంది కనుక ప్రతి కిలో ఆ ఇరుసు మీద కిలోకు పైగా పడుతుంది. అదే సామాను ముందు సీట్ల వెనుక కాళ్ల దగ్గర పెడితే మూడింట రెండు వంతుల లోపే పడుతుంది. 40 కిలోలను అలా జరిపితే వెనుక ఇరుసు మీద దాదాపు 20 తగ్గుతాయి. పట్టీలతో బిగించండి, అదీ పిల్లల కాళ్లకు చోటు మిగిలితేనే. దానికన్నా మేలైన పని సామానులో 30, 40 కిలోలు ఇంటి దగ్గరే వదిలేయడం. కారు పుస్తకం కూడా ఒకసారి తిరగేయండి. తక్కువ వేగంలో లాగేటప్పుడు వెనుక ఇరుసు మీద కొంత అదనపు బరువును కొందరు తయారీదారులు అనుమతిస్తారు. అది రాతపూర్వకంగా ఉంటేనే లెక్క.

వేబ్రిడ్జిలు సాధారణంగా 20 కిలోల మెట్లలో చూపిస్తాయి కనుక మీ 1080 అసలు 1070 కావచ్చు, 1090 కూడా కావచ్చు. సరిగ్గా 1060 చూపించేదాకా కాకుండా 1040 చూపించేదాకా తగ్గించండి.

సామానుసంచి:

కారవాన్ ట్యాంకులో నీరుందేమో చూడండి. తీసేస్తే గుడారానికి చోటు దొరకవచ్చు. కొన్ని కారవాన్ల గరిష్ఠ బరువును తయారీదారే రుసుము తీసుకుని కాగితం మీద కొంత పెంచి కొత్త పలక ఇస్తారు. ఇరుసు, టైర్లు అప్పటికే ఆ బరువుకు తగినవైతేనే అది సాధ్యం.

మైలురాయి:

పలక పెంచుకునే ముందు, నోస్ వెయిట్ పరిమితి 80 దగ్గరే ఆగి ఉందని గుర్తుంచుకోవాలి. 1450కి పెంచితే 5 శాతమే 73 అవుతుంది, శాతమూ 94కి చేరుతుంది. నేనైతే పెంచను.

కొత్తబాటసారి:

ట్యాంకులో నీరు సగానికి పైగా ఉంది, దానిని గమనించలేదు. ఖాళీ చేసి, గుడారాన్ని కారవాన్‌లో ఇరుసు మీద నేలకు పెట్టి, డిక్కీలోని పనిముట్ల పెట్టెను ఇంట్లో వదిలి మళ్లీ తూకానికి వెళతాము. పలక పెంచుకునే ఆలోచన లేదు.

ఇరుసు:

వెళ్లినప్పుడు మూడు తూకాలతో పాటు టోబాల్ ఎత్తు కూడా కొలవండి. కారు నిండి, కారవాన్ జతచేసి ఉన్నప్పుడు నేల నుంచి బాల్ మధ్యభాగం వరకు 350కీ 420 మిల్లీమీటర్లకూ మధ్య ఉండాలి. వెనుక ఇరుసు మీద బరువు తగ్గితే బాల్ కొంచెం పైకి లేస్తుంది. పక్కనుంచి చూస్తే కారవాన్ సమతలంగానో, ముక్కు కాస్త కిందికి వంగినట్టో కనిపించాలి. ముక్కు పైకెత్తి ఉంటే సర్దుబాటు ఇంకా పూర్తికాలేదని అర్థం. గుడారాన్ని కారవాన్‌లోకి చేర్చాక నోస్ వెయిట్ గేజ్‌ను మళ్లీ పెట్టి చూడండి, ఆ 80 తప్పకుండా కదిలి ఉంటుంది. కారవాన్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేకవే కేబుల్‌ను టోబార్ మీద దానికోసం ఉన్న కన్నానికే తగిలించండి, దానిని బాల్ మెడకు చుట్టి వదిలేయవద్దు.